'ఫార్మాట్' నొక్కే ముందు ఒక్క నిమిషం ఆగండి



గత ఆదివారం రాత్రి మెస్‌లో అన్నం తిని గదికి వస్తుంటే పక్క బ్లాకు తమ్ముడొకడు పరుగెత్తుకుంటూ ఎదురొచ్చాడు. "అన్నా, జెల్ది రాండ్రి! హార్డ్‌డిస్క్ ఏదో అడుగుతున్నది. ఓకే కొట్టాల్నా, వద్దా?" అన్నాడు. "ఏదీ కొట్టొద్దు, చెయ్యి తియ్యి" అని చెప్పి అతని వెంటే వెళ్లాం.

ఎనిమిది మంది ఉండే గది. కింది మంచం మీద సూట్‌కేసు, దాని మీద ల్యాప్‌టాప్. డిస్క్ జగిత్యాల అన్నది. పదిహేనేళ్లుగా ఇక్కడ షట్టరింగ్ కార్పెంటర్. భుజం మీద తువ్వాలు వేసుకుని మంచం చివర కూర్చుని ఉన్నాడు. ఈ డిస్క్‌ను వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలని తెర మీద కనబడుతోంది. కింద రెండు బటన్లు. ఒకటి 'ఫార్మాట్ డిస్క్', రెండోది 'క్యాన్సిల్'. మౌసు బాణం సరిగ్గా మొదటి దాని మీదే ఉంది.

అన్న మమ్మల్ని చూసి ఒక్కటే మాట అన్నాడు. "తమ్మీ, జర జూడుండ్రి. దాంట్ల మా బాపు ఉన్నడు."

2020లో విమానాలు ఆగిపోయిన రోజుల్లో ఆయన తండ్రి చనిపోయాడు. అన్న వెళ్లలేకపోయాడు. కాష్టానికి నిప్పు పెట్టింది తమ్ముడు. ఆ తమ్ముడే ఫోన్లో తీసి పంపిన వీడియోలు, అంతకుముందు సెలవుల్లో అన్న స్వయంగా తీసుకున్నవి, అన్నీ ఆ డిస్క్‌లోనే ఉన్నాయి. పాత ఫోను ఎప్పుడో పగిలిపోయింది. ఇంకెక్కడా కాపీ లేదు.

అందుకే ఈ వారం మన శీర్షికలో వేరే విషయం రాయాలనుకున్నవాళ్లం దాన్ని పక్కన పెట్టి హార్డ్‌డిస్క్ గురించే రాస్తున్నాం. మేమిద్దరం ఇంజనీర్లం కాం. ఇంటర్ దాకా చదువుకుని టైమ్‌కీపర్ ఆఫీసులో గుమాస్తాలుగా చేస్తున్నవాళ్లం. ఒకరిది నిజామాబాద్ జిల్లా, ఒకరిది కడప జిల్లా. మాకు తెలిసింది, చేతులు కాల్చుకుని నేర్చుకున్నది చెబుతాం.

ఫార్మాట్ అంటే అసలేం జరుగుతుంది?

మన క్యాంపు లెక్కలోనే చెప్పుకుందాం. క్యాంపు బాస్ దగ్గర ఒక రిజిస్టరు ఉంటుంది. ఏ గదిలో ఎవరున్నారో అందులో రాసి ఉంటుంది. ఎవరైనా వచ్చి ఫలానా మనిషి ఎక్కడ అని అడిగితే బాస్ గదులన్నీ తిరగడు, రిజిస్టరు చూసి చెబుతాడు. ఇప్పుడు ఆ రిజిస్టరు మీద టీ ఒలికి అక్షరాలు చెదిరిపోయాయనుకోండి. మనుషులు ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు. కానీ ఎవరు ఎక్కడో బాస్ చెప్పలేడు.

హార్డ్‌డిస్క్‌లోనూ అలాంటి రిజిస్టరు ఉంటుంది. అది చెడితే కంప్యూటరుకు ఫైళ్ల జాడ తెలియదు. "ఫార్మాట్ చేయనా?" అని అడుగుతుంది. అంటే పాత రిజిస్టరు పారేసి ఖాళీ రిజిస్టరు పెట్టుకుంటానని అర్థం. 'క్విక్ ఫార్మాట్' చేస్తే పాత ఫైళ్లు చాలావరకు లోపలే ఉంటాయి. కానీ ఆ మీద కొత్త సినిమా ఎక్కించారనుకోండి, ఖాళీ అనుకున్న గదుల్లోకి కొత్త మనుషుల్ని పంపినట్టే. పాతవాళ్లు పోతారు. క్విక్ అన్న టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ చేస్తే మరీ ప్రమాదం. విండోస్ విస్టా నుంచి ఇప్పటి విండోస్ 11 వరకు పూర్తి ఫార్మాట్ అంటే ప్రతి గదీ కడిగి సున్నాలు రాయడమే. ఆ తర్వాత ఎవరూ ఏమీ తీయలేరు.

కాబట్టి అడగ్గానే 'క్యాన్సిల్' నొక్కండి. క్యాన్సిల్ నొక్కితే పోయేదేమీ లేదు.

ముందు వైరు చూడండి

డిస్క్ కనబడకపోతే అందరికీ మొదట వచ్చే అనుమానం డిస్క్ పోయిందని. చాలాసార్లు పోయేది వైరే. పై మంచం నుంచి వేలాడేసి, సినిమా చూస్తూ లాగి లాగి, మడత పడిన చోట లోపలి తీగ తెగుతుంది. లైటు వెలుగుతోంది కదా, వైరు బాగానే ఉందిలే అనుకోవద్దు. కరెంటు తీసుకెళ్లే తీగలు వేరు, సమాచారం తీసుకెళ్లే తీగలు వేరు. లైటు వెలిగినా ఫైళ్లు రాకపోవచ్చు.

అలాంటి పిన్నుదే ఇంకో వైరు పెట్టి చూడండి. వెడల్పాటి పిన్ను ఉన్న డిస్క్ అయితే పక్క గదిలో ఎవరి దగ్గరైనా ఉంటుంది, అడగండి. టైప్ సి పిన్ను అయితే ఒక జాగ్రత్త. ఫోన్లకు వాడే వైర్లలో కొన్ని ఛార్జింగుకు మాత్రమే పనికొస్తాయి. వాటితో డిస్క్ ఎప్పటికీ కనబడదు.

తర్వాత కరెంటు

జేబులో పట్టే చిన్న డిస్క్ కంప్యూటరు యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకుంటుంది. పాత రకం యూఎస్‌బీ 2.0 రంధ్రం ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు. యూఎస్‌బీ 3.0 ఇచ్చేది 900. ఈ రెండో రకానికి లోపల చాలావాటిలో నీలం రంగు ఉంటుంది. ఒక రంధ్రానికి హబ్ తగిలించి అందులోనే మౌసు, పెన్‌డ్రైవ్, ఫోను ఛార్జింగు, డిస్క్ అన్నీ పెడితే డిస్క్‌కు చాలినంత కరెంటు అందదు. తిరగబోయి ఆగిపోతుంది, కనబడి మాయమవుతుంది. హబ్ తీసేసి నేరుగా పెట్టండి. పెద్ద కంప్యూటరు అయితే ముందు వైపు కాకుండా వెనక వైపు రంధ్రంలో పెట్టండి.

వేరే అడాప్టరుతో నడిచే పెద్ద డిస్కులు కూడా కొందరి దగ్గర ఉన్నాయి. వాటికి మామూలుగా 12 వోల్టులు కావాలి. ల్యాప్‌టాప్ అడాప్టరు ఇచ్చేది 19 వోల్టుల దాకా ఉంటుంది. పిన్ను సరిపోయింది కదా అని అది గుచ్చితే డిస్క్ బోర్డు అక్కడికక్కడే కాలిపోతుంది. అడాప్టరు మీద రాసి ఉన్న వోల్టులు చదివాకే పెట్టండి.

చెవి పెట్టి వినండి

డిస్క్ పెట్టాక చేత్తో పట్టుకుంటే సన్నగా తిరుగుతున్నట్టు తెలియాలి. కొత్తగా వస్తున్న ఎస్‌ఎస్‌డీ రకంలో తిరిగేది ఏమీ ఉండదు కాబట్టి దానికి ఈ పరీక్ష పనికిరాదు. తిరిగే డిస్క్ 'టిక్... టిక్... టిక్...' అని ఒకే వరసలో కొట్టుకుంటుంటే వెంటనే తీసేయండి. లోపల పళ్లెంలాంటి రేకు మీద సమాచారం చదివే ముల్లు దెబ్బతిన్నదని దాని అర్థం. ఇంకాసేపు నడిపితే ఆ రేకు గీసుకుపోవచ్చు. ఇక్కడ మనం చేయగలిగింది ఏమీ లేదు. స్క్రూలు విప్పవద్దు. లోపల దుమ్ము రేణువు పడ్డా చాలు, ఉన్నది కూడా పోతుంది. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని ఎవరో చెబుతుంటారు, ఆ పని అసలు చేయవద్దు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2014లో శ్రీకాకుళం వైపు పైప్ ఫిట్టర్ ఒకాయన ఇలాగే టిక్ టిక్ అనే డిస్క్ తెచ్చాడు. అప్పుడు మాకు కంప్యూటరు కొత్త, ధైర్యం ఎక్కువ. తప్పులు సరిచేసే 'చెక్‌డిస్క్' పెట్టి రాత్రంతా నడిపించాం. తెల్లారి చూస్తే డిస్క్ కనబడటమే మానేసింది. అందులో ఆయన కూతురి మొదటి పుట్టినరోజు ఫొటోలున్నాయి. అప్పటికి ఆయన ఆ పాపను చూసింది ఒక్క సెలవులోనే. "పర్లేదు బాబూ, మీరేం చేస్తారు" అని డిస్క్ తువ్వాల్లో చుట్టుకుని వెళ్లాడు. తిట్టినా బాగుండేది. ఆ రోజు మేం ఏమీ చేయకుండా పక్కన పెట్టి ఉంటే తెలిసినవాళ్లు కొంతైనా తీసి ఉండేవారేమో.

ఇక కంప్యూటరు లోపల

వైరు మార్చారు, రంధ్రం మార్చారు, వేరే కంప్యూటరులో కూడా పెట్టి చూశారు. అయినా తెరుచుకోలేదు. అప్పుడు స్టార్ట్ బటన్ మీద మౌసు కుడి బటన్ నొక్కండి. వచ్చే వరసలో 'డిస్క్ మేనేజ్‌మెంట్' ఉంటుంది. విండోస్ 10లోనూ 11లోనూ ఇదే దారి. ఆఫీసు కంప్యూటరైతే అనుమతి లేకుండా ఇక్కడికి పోవద్దు. తెరుచుకున్న పట్టీలో మీ డిస్క్ ఎలా కనబడుతోందో చూడండి.

డిస్క్ బాగానే ఉండి అక్షరం లేకపోతే అదృష్టం. ఇ, ఎఫ్ లాంటి గుర్తు దానికి అందలేదంతే. ఆ పట్టీ మీద కుడి బటన్ నొక్కి 'చేంజ్ డ్రైవ్ లెటర్' లోకి వెళ్లి ఖాళీగా ఉన్న అక్షరం ఇవ్వండి. ఫైళ్లు ఎప్పటిలాగే వస్తాయి.

'రా' అని కనబడితే రిజిస్టరు చెదిరిందని లెక్క. జగిత్యాల అన్న డిస్క్ ఇలాగే కనబడింది. ఫార్మాట్ వద్దు, చెక్‌డిస్క్ కూడా వద్దు. ముందు ఫైళ్లు బయటికి తీయాలి.

నల్లటి పట్టీ, 'అన్‌అలొకేటెడ్' అన్న మాట కనబడితే అక్కడ 'న్యూ సింపుల్ వాల్యూమ్' నొక్కవద్దు. 'ఇనీషియలైజ్ చేయనా' అని అడిగినా వద్దనే చెప్పండి. ఇవి రెండూ కొట్లో కొన్న కొత్త డిస్క్‌కు మాత్రమే.

ఇంకొకటి చాలామందికి తెలియదు. ఆపిల్ మ్యాక్ కంప్యూటరులో తయారుచేసిన డిస్క్‌ను విండోస్ మామూలుగా చదవలేదు. డిస్క్ నిక్షేపంగా ఉన్నా ఫార్మాట్ చేయమంటుంది. మీ డిస్క్ ఎవరైనా ఇంజనీరు దగ్గర నుంచి వచ్చిందైతే ముందు ఆయన్ని అడగండి.

అసలు అక్కడ డిస్క్ పేరే లేకపోతే మళ్లీ వైరు దగ్గరికే వెళ్లండి. అప్పటికీ లేకపోతే డిస్క్ లోపలే దెబ్బ తగిలిందనుకోవాలి.

ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోతే?

డిస్క్ తెరుచుకుంటుంది, కానీ ఫోల్డర్లన్నిటికీ మూలన చిన్న బాణం గుర్తు, నొక్కితే ఏదో నల్ల తెర వచ్చి పోతుంది. ఇది వైరసు. పది చోట్ల పెట్టిన పెన్‌డ్రైవ్ నుంచి వస్తుంది. మీ ఫైళ్లు పోలేదు, దాక్కున్నాయి. బాణం గుర్తు ఉన్నవాటిని నొక్కవద్దు. వైరసు తీసే ప్రోగ్రాముతో ముందు శుభ్రం చేయండి. తర్వాత ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాగిన ఫైళ్లు చూపమని పెట్టి, సిస్టమ్ ఫైళ్లను దాచమనే టిక్కు కూడా తీసేస్తే అసలు ఫోల్డర్లు కనబడతాయి. వాటిని వేరే చోటికి కాపీ చేసుకోండి.

బాపు ఎలా తిరిగి వచ్చాడు

జగిత్యాల అన్న డిస్క్ టిక్కుమనడం లేదు, చక్కగా తిరుగుతోంది. అందుకే ధైర్యం చేశాం. అయినా పని మొదలుపెట్టే ముందు ఖాళీ డిస్క్ ఒకటి కావాలని చెప్పాం. పోయిన ఫైళ్లను అదే డిస్క్‌లోకి తీయకూడదు. అలా చేస్తే తీస్తున్నవే మిగతావాటి మీద పడతాయి. గదిలో ఎనిమిది మందీ తలా కొంత వేసుకుని మర్నాడు డ్యూటీ నుంచి రాగానే 1 టెరాబైట్ డిస్క్ కొనుక్కొచ్చారు.

'టెస్ట్‌డిస్క్' అని ఒక ఉచిత ప్రోగ్రాము ఉంది. రిజిస్టరు కొంతైనా మిగిలి ఉంటే పేర్లతో సహా ఫైళ్లు చూపుతుంది. మాకు చూపలేదు. దానితో పాటే వచ్చే 'ఫోటోరెక్' పెట్టాం. ఇది రిజిస్టరు అడగదు. ఒక్కో గది తలుపు తట్టి లోపల ఎవరున్నారో చూస్తూ పోతుంది. అందుకే ఫైళ్లు వస్తాయి గానీ పేర్లు రావు. రాత్రి పదింటికి పెడితే తెల్లారి మేం డ్యూటీ బస్సు ఎక్కేటప్పటికీ నడుస్తూనే ఉంది.

సాయంత్రం వచ్చి చూస్తే వేల ఫైళ్లు. అన్నిటికీ అంకెలే పేర్లు. గదిలో అందరూ కూర్చుని ఒక్కొక్కటి తెరవడం మొదలుపెట్టారు. కూతురి ఓణీల ఫంక్షన్ వీడియో పెద్దది, సగంలో ఆగిపోతోంది. పెద్ద ఫైళ్లు ముక్కలు ముక్కలుగా వేరు వేరు గదుల్లో ఉంటాయి, అన్నీ కలవలేదు. దానికి అన్న ఏమీ అనలేదు. తొమ్మిది దాటాక ఒక చిన్న వీడియో తెరుచుకుంది. పసుపు చేనులో ముసలాయన, చేతిలో పార. ఫోను వైపు చూసి, "ఇది ఇప్పుడు తీస్తున్నదా? మాట్లాడాల్నా?" అని అడుగుతున్నాడు. అంతే, పదకొండు సెకన్లు. అన్న దాన్ని మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ పెట్టాం. కాష్టం దగ్గర తీసిన వీడియో కూడా దొరికింది. దాన్ని మాత్రం ఆ రోజు తెరవలేదు.

ఇంతకీ డిస్క్ ఎందుకు చెడిందని ఆరా తీశాం. ఆదివారం మధ్యాహ్నం ల్యాప్‌టాప్‌లో సినిమాలు కాపీ అవుతుండగా ఎవరో ఫోను ఛార్జింగు కోసం డిస్క్ వైరు పీకారు. రిజిస్టరులో రాస్తున్న చెయ్యిని మధ్యలో లాగినట్టయింది. ఎవరు పీకారో మేం అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

ఇకముందు ఇలా చేద్దాం

డిస్క్ తీసే ముందు కింద మూలన ఉండే 'సేఫ్లీ రిమూవ్' నొక్కి, తీయవచ్చు అన్నాకే వైరు పీకండి. ఇది చాదస్తం కాదు.

డిస్క్‌ను టీవీకి పెట్టినప్పుడు, రికార్డింగు కోసం ఫార్మాట్ చేయనా అని కొన్ని టీవీలు అడుగుతాయి. రిమోటులో ఓకే కొట్టారంటే అంతే సంగతులు. సినిమాలకు ఒక పెన్‌డ్రైవ్ పెట్టుకోండి. ఇంటి ఫొటోలున్న డిస్క్‌ను టీవీ దగ్గరికే పోనివ్వకండి.

ఎండ తగిలే కిటికీ గట్టు మీద, ఎండలో నిలిపిన బండిలో డిస్క్ వదలవద్దు. సెలవుకు ఊరెళ్లేటప్పుడు లగేజీలో వేయకుండా చేతి సంచిలో పెట్టుకోండి.

దుకాణానికి ఇవ్వాల్సి వస్తే, దుబాయిలో ఉన్నవాళ్లకు బర్‌దుబాయ్ ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డు వైపు కంప్యూటరు దుకాణాలు చాలా ఉన్నాయి. "డిస్క్ బాగు చేయండి" అని అడగవద్దు. ఫార్మాట్ చేసి బాగైందని చేతిలో పెడతారు. "నాకు డిస్క్ అక్కర్లేదు, లోపలి ఫైళ్లు కావాలి" అని అడగండి. విప్పకముందే ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. అందులో మీ పాస్‌పోర్టు కాపీలు, ఇంట్లో ఆడవాళ్ల ఫొటోలు ఉంటాయి కదా, ముక్కూ మొహం తెలియని వాళ్ల చేతిలో పెట్టవద్దు.

పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, జీతం కాగితాలు ఫొటో తీసి మీ మెయిలుకు మీరే పంపుకోండి. గూగుల్ ఖాతాలో 15 గిగాబైట్ల దాకా ఉచితంగా పడతాయి. సినిమాలకు చాలకపోవచ్చు, కాగితాలకు, ముఖ్యమైన ఫొటోలకు ధారాళంగా చాలు.

అన్నిటికంటే పెద్ద మాట చివర చెబుతాం. ఒకే చోట ఉన్నది ఉన్నట్టు లెక్క కాదు. జీతం పంపిన రశీదు మనం ఒకటి దాచుకుని ఇంటికి ఒకటి పంపుతాం. ఫొటోలకూ అంతే. ఒక కాపీ మన ట్రంకులో, ఒక కాపీ ఊళ్లో. జగిత్యాల అన్న ఇప్పుడు అలాగే చేశాడు. వచ్చే నెల ఊరెళ్తున్న పక్క గది తమ్ముడి చేతికి ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చి పంపుతున్నాడు. అందులో సినిమాలు లేవు. పసుపు చేను వీడియో ఉంది.

ఈ కాగితం చదివాక మీ డిస్క్ ఒకసారి తీసి చూసుకోండి. ఇవాళ బాగానే తెరుచుకుంటే, కాపీ చేసుకోవాల్సింది ఇవాళే. శ్రీకాకుళం అన్న ఎక్కడున్నాడో మాకు తెలియదు. ఈ పత్రిక ఆయన చేతికి అందితే, ఆ రోజు మేం చేసింది తప్పేనని ఒప్పుకుంటున్నాం.

వచ్చే వారం ఫోన్ నిండిపోయినప్పుడు ఏది తీసేయవచ్చు, ఏది ముట్టుకోకూడదు అన్నది రాస్తాం. మీ ప్రశ్నలు చీటీ మీద రాసి మెస్ దగ్గరి మన పెట్టెలో వేయండి. డిస్క్ మాత్రం పెట్టెలో వేయవద్దు, చేతికివ్వండి.